ఇద్దరం కలిసి ఆడిన హత్యలు

పెళ్లయిన కొత్తలో మేమిద్దరం కలిసి చేసే పని అంటూ ఒకటి ఉండేది కాదు. ఇద్దరివీ ఎయిర్‌పోర్టు ఉద్యోగాలే, షిఫ్టులే వేరు. నేను కార్గో షెడ్డులో పెట్టెలు తూకం వేసి లేబుళ్లు అంటించే చోట పనిచేస్తాను. ఆయన ప్రయాణికుల సామాన్లు మోసుకుపోయే బెల్టులకు మెకానిక్. నేను ఇంట్లో అడుగుపెట్టే వేళకు ఆయన బూట్లు వేసుకుంటూ కనిపించేవాడు. ఇద్దరికీ కలిసొచ్చే సెలవు మంగళవారం ఒక్కటే.

నేను తొండుపల్లిలో పుట్టి పెరిగినదాన్ని. ఆయనది గోదావరి వైపు ఊరు. శంషాబాద్‌లో ఒక కాలనీలో, మొదటి అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. పెళ్లికి ముందు ఆయన ఒంటరిగా ఉన్న రోజుల్లో కొనుక్కున్న పాత గేమ్ కన్సోల్ ఒకటి టీవీ కింద ఉండేది. ఒక మంగళవారం నా చేతికి కూడా ఒక కంట్రోలర్ ఇచ్చాడు. తుపాకులు పట్టుకుని పరిగెత్తే ఆట అది. నేను ఏ బటన్ నొక్కాలో తెలియక గోడకు ముఖం పెట్టి నిలబడేదాన్ని. వెనక నుంచి ఎవడో వచ్చి నన్ను పొడిచేవాడు. లేచి రెండడుగులు వేసేసరికి ఇంకొకడు కాల్చేవాడు.

"నన్ను ఎట్ల సంపుతున్నరో సూడనీకె పిలిచినవా?" అని కంట్రోలర్ సోఫాలోకి విసిరాను.

ఆయన నవ్వలేదు. నాలుగు రోజులు ఆలోచించి, తర్వాతి మంగళవారానికి వేరే రకం ఆట తెచ్చాడు. అందులో పరుగులు లేవు. కొండల మీద ఒక టీ తోట, వాన, బంగళాలో యజమానిని ఎవరో కొడవలితో నరికేశారు. ఇంట్లోవాళ్లతో ఒక్కొక్కరితో మాట్లాడి, గదులు వెతికి, ఎవరు చంపారో తేల్చాలి. ఒకరు కంట్రోలర్ పట్టుకుంటే చాలు, రెండోవాళ్లు బుర్ర పెట్టొచ్చు. ఇంగ్లిష్ మాటలు వేగంగా పోతుంటే ఆయన ఆపి నాకు తెలుగులో చెప్పేవాడు.

"వంటామె అబద్ధమాడుతుంది," అన్నాను నేను కాసేపటికి.

"ఎలా చెప్తున్నావ్?"

"సచ్చినోని ముచ్చట ఎత్తంగనే అందరూ చేస్తున్న పని ఆపిన్రు. గీమె మాత్రం ఉల్లిగడ్డ కోసుడు ఆపలే. సూడు."

ఆయన వెనక్కి వెళ్లి మళ్లీ చూశాడు. ఆ రోజు మేం అన్నం వండుకోవడం మరిచిపోయాం.

తర్వాత మాకు అదే లోకమైంది. అసలు చిక్కు ఆడటంలో కాదు, ఆట ఎంచుకోవడంలో వచ్చేది. ఆయనకు నెమ్మదిగా నడిచే కథలు కావాలి. పాత ఇల్లు, చెప్పుకోని రహస్యం, కనబడకుండా పోయిన చెల్లెలు. నాకు రక్తం కావాలి. మా పుట్టింట్లో అరుపులూ కొట్లాటలూ మామూలుగా ఉండేవి. బాపు, పెద్దబాపు పొలం గట్టు మీద గొడ్డళ్లు పట్టుకుని ఎదురుబొదురు నిలబడితే మా అమ్మ మధ్యలోకి ఉరికి మోచేయి చీలేలా దెబ్బ తిన్నది. ఆయన పెరిగిన ఇంట్లో ఎవరూ గొంతు పెంచి ఎరగరు. అందుకే కాబోలు, తెర మీద గొంతు కోస్తుంటే నేను ముందుకు జరిగేదాన్ని, ఆయన దిండు పట్టుకుని వెనక్కి జరిగేవాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఏ ఆటైనా మొదటి శవం కనబడేదాకా ఇద్దరం ఆడి చూడాలి. అప్పుడు ఇద్దరికీ నచ్చితేనే ముందుకు. నచ్చకపోతే ఆ డిస్కు శంషాబాద్ బస్టాండు దగ్గరి సెల్‌ఫోన్ దుకాణంలో ఇచ్చేసి, ఇంకో పాత డిస్కు మార్చుకుని రావాలి. ఆ దుకాణం అన్న ఏ ఆటా ఆడినవాడు కాదు. ఏది తీసినా "ఇది మస్తుంటదక్కా" అనేవాడు.

అట్లా డిస్కు మార్చుకుని వస్తున్న ఒక మంగళవారం మధ్యాహ్నమే అది జరిగింది.

ఎండాకాలం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని అంతకు ముందు కొన్నాళ్లుగా అందరి ఫోన్లలో మెసేజ్‌లు. ఎక్కడివో తెలియని ఫొటోలు, ఎవరి గొంతో తెలియని ఆడియోలు. మా గల్లీలో తల్లులు పిల్లల్ని బయటికి వదలడం మానేశారు. మేం ఇంటి మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా జనం. మధ్యలో ఒక మోపెడ్ పడిపోయి ఉంది. దాని మీద కట్టిన దుప్పట్ల మూట ఊడిపోయి, పూల దుప్పట్లన్నీ రోడ్డు మీద పరుచుకుని, వాటి నిండా చెప్పుల ముద్రలు.

దుప్పట్లమ్మే ఆయన పాతబస్తీ నుంచి అప్పుడప్పుడు మా వైపు వచ్చేవాడు. నడివయసు మనిషి. ఏడుస్తున్న ఒక పాపకు జేబులోంచి బిస్కెట్ తీసి ఇచ్చాడట. అంతే. ఆయన దుప్పటితోనే ఆయన్ని కరెంటు స్తంభానికి కట్టేశారు. తల వాలిపోయి ఉంది. నోట్లోంచి రక్తం జిగురులా కిందికి సాగుతోంది. ఒకడు వచ్చి చెంప మీద కొడతాడు, పక్కకు జరుగుతాడు, ఇంకొకడు వచ్చి కడుపులో తంతాడు. ఏదో వరస కట్టినట్టు. వెనక ఉన్నవాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. దెబ్బ పడ్డప్పుడల్లా తడి బట్ట బండకేసి బాదినట్టు చప్పుడు.

మావారు బండి ఆపాడు. "దిగు. పోలీసులకు ఫోన్ చెయ్యి," అన్నాడు. నేను చెయ్యి పట్టుకునేలోపే జనంలోకి పోయాడు. రెండు చేతులూ పైకెత్తి, పెళ్లిలో పెద్దమనిషి సర్దిచెప్పినట్టు, "ఆగండి బాబూ, ఆగండి. తప్పు చేస్తే పోలీసులకు అప్పజెబుదాం. చచ్చిపోతాడండీ," అన్నాడు.

ఆ మాట తీరే ఆయన్ని పట్టించింది.

"వీడెవడు రా? గీని మాట గూడ మనది గాదు!" అని ఎవరో అరిచారు.

"ఇద్దరు ఒక్కటే! ఆని మనిషే వీడు!"

నేను ఫోన్‌లో చోటు చెబుతూనే ఉన్నాను. ఒక చెయ్యి ఆయన కాలర్ పట్టుకుంది. ఇంకో చెయ్యి క్రికెట్ వికెట్ కర్రతో పక్క నుంచి వచ్చింది. ఎడమ చెవి మీద పడింది. ఆయన కింద పడలేదు. ఒక్క క్షణం ఎవరో పిలిచినట్టు అటు తిరిగి చూశాడు. రెండో దెబ్బకు మోకాళ్ల మీద కూలబడ్డాడు. అప్పుడు కాళ్లు మొదలయ్యాయి.

నా చేతిలో హెల్మెట్ ఉంది. దాని పట్టీ ముంజేతికి చుట్టుకుని ముందున్నవాడి వీపు మీద కొట్టాను. పక్కవాడి మెడ మీద కొట్టాను. వికెట్ మళ్లీ ఎత్తిన మనిషి నా వైపు తిరిగాడు. ముఖం నిండుగా కనబడింది. సరిగ్గా ముక్కు మీద కొట్టాను. ఎముక పగిలిన చప్పుడు నా చేతిలోకి పాకింది. రక్తం చిమ్మి నా దుపట్టా మీద పడింది. ముక్కు పట్టుకుని నన్ను చూసి వాడు ఆశ్చర్యపోయాడు. రోజూ పొద్దున మా ఇంటికి పాల ప్యాకెట్లిచ్చే దుకాణం తమ్ముడు.

"అక్కా, నువ్వా? నీ మనిషా?" అన్నాడు, చేతుల సందుల్లోంచి నెత్తురు కారుతుంటే.

"నా మనిషి గాకుంటే సంపుతవారా?" అని మళ్లీ కొట్టాను.

నేను మా భాషలో, మా తొండుపల్లిలో ఆడవాళ్లు కొట్లాటకు దిగితే తిట్టే తిట్లన్నీ తిట్టాను. ఆ తిట్లు విన్నాకే జనం వెనక్కి జరిగారు. నేను వాళ్లదాన్ననే నమ్మకం వాటితోనే కుదిరింది. ఆయన మీద అడ్డంగా పడి, హెల్మెట్ ఎత్తి పట్టుకుని, దగ్గరికొస్తే తల పగలగొడతానని అరుస్తూనే ఉన్నాను. పోలీసు బండి వచ్చేసరికి రోడ్డు మీద మేం ముగ్గురమే మిగిలాం. కట్టు విప్పితే దుప్పట్లాయన మూటలాగే జారి నేల మీద పడ్డాడు.

దుప్పట్లాయన బతికాడు. దవడ రెండు చోట్ల విరిగింది, పక్కటెముకలు విరిగాయి. మావారికి ఒంటి మీది దెబ్బలు మానాయి గానీ ఎడమ చెవి పోయింది. లోపలి నరం దెబ్బతిన్నదనీ, ఇక వినపడదనీ దవాఖానలో డాక్టర్ చెప్పాడు. ఆ మాట డాక్టర్ ఎడమ వైపు నిలబడి చెప్పాడు. నేను మళ్లీ కుడి వైపుకు వచ్చి చెప్పాల్సి వచ్చింది.

స్టేషన్‌లో ఎస్సై గల్లీవాళ్లను వరసగా అడిగాడు. "నేను గప్పుడే వచ్చిన సార్." "నేను దూరం నుంచి సూసిన." "ఎవలో బయటోళ్లు సార్." మా ఆటల్లో అనుమానితులందరికీ చంపడానికి ఒక కారణం ఉంటుంది. పగ, ఆస్తి, ప్రేమ. ఇక్కడ ఎవరికీ ఏ కారణమూ లేదు. ఆ మనిషి పేరు కూడా వాళ్లకు తెలియదు. నాకు ముఖాలు గుర్తున్న ప్రతివాడి పేరూ చెప్పాను. పాల దుకాణం వాడి పేరు మొదట చెప్పాను. రాసుకుంటున్న కానిస్టేబుల్ పెన్ను ఆపి, "జర ఆలోచించుకో అమ్మా. రేపు గా గల్లీలనే ఉండాలె నువ్వు," అన్నాడు. చెడ్డగా అనలేదు. రాసింది చదివించుకుని సంతకం పెట్టాను.

ఆ తర్వాత మా ఇంటికి పాలు రావడం ఆగింది. నీళ్ల డబ్బాలు వేసేవాడు ఆగాడు. బండి సీటు ఎవరో బ్లేడుతో కోశారు. మెట్ల మీద చచ్చిన ఎలుకను పడేశారు. ఇంటి ఓనర్ ముఖం తిప్పుకుని పోయేవాడు. నేను పేరు చెప్పినవాళ్లంతా బెయిల్ మీద బయటికొచ్చిన వారంలోనే, మంగళవారం, చాలా రోజుల తర్వాత ఆట పెట్టుకుని కూర్చున్నాం. ఎడమ వైపు కిటికీ అద్దం పగిలి రాయి లోపలికొచ్చింది. చప్పుడు ఏ వైపు నుంచి వచ్చిందో ఆయనకు తెలియలేదు. నా ముఖం చూసి, తర్వాత ఒళ్లో పడ్డ గాజు పెంకులు చూసుకున్నాడు. మెడ మీద సన్నగా కోసుకుపోయి రక్తం వస్తోంది.

కిటికీ కర్టెన్ రాడ్డు పీకాను. దానికి కర్టెన్ వేలాడుతుండగానే మెట్లు దిగి రోడ్డు మీద నిలబడ్డాను. "ఎవడు రా? ముందటికి రా! ముఖం సూపెట్టు!" అని అరిచాను. తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పాల దుకాణం గుమ్మంలో వాడి పెండ్లాం ఒక్కతే నిలబడింది.

"అక్కా, నీ మొగనికి చెవు పాయె. నా మొగనికి ముక్కు పగిలె. సరికి సరి అయింది గదా. ఇగ కేసు వాపస్ తీసుకోరాదు," అంది.

"మరి గా దుప్పట్లాయన?"

"ఆయన ఎవలో ఏమో. మనకేంది?"

నేను రాడ్డు ఎత్తాను. ఆమె చేతులు అడ్డం పెట్టుకుంది. ఆ చేతుల్ని చూసి పక్కనున్న షట్టర్ మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. రాడ్డు వంగి, అరచేయి చీలి, కర్టెన్ గుడ్డ రక్తమయ్యేదాకా కొట్టాను. ఆయన వచ్చి నన్ను వెనక నుంచి ఎత్తి తీసుకుపోయాడు.

మేం బుద్వేల్‌కు ఇల్లు మారాం.

కొత్త ఇంట్లో ఆటలు ఎంచుకోవడం ఇంకో రకం కష్టమైంది. ముందు సబ్‌టైటిల్స్ ఉన్నాయా అని చూసుకోవాలి. అడుగుల చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో విని తలుపు తియ్యాల్సిన ఆట ఒకటి పెట్టాం. ఆయన ప్రతిసారీ తప్పు వైపు తిరిగాడు. నవ్వి పక్కన పెట్టేశాడు. పనిలోనూ అంతే. బెల్టు కింద ఏ బేరింగ్ అరుస్తోందో ఇప్పుడు పక్కనున్న మనిషిని అడగాల్సి వస్తోంది. చెవి సంగతి అట్లా ఉంటే, తెర మీద ఎవరైనా ఎవర్నైనా కొడితే ఆయన భుజాలు బిగుసుకుపోయేవి, చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చెవి మీదికి పోయేది.

అందుకని రక్తం లేని ఆట తెచ్చాను. పుస్తకాల దుకాణంలో తప్పిపోయిన పిల్లిని వెతకాలి. వెతికాం. పిల్లి దొరికింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

తర్వాత నేనే ఒక ఉపాయం చేశాను. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఆటను ముందే ఆడి చూసి, కొట్టుకునే చోట్లు గుర్తుపెట్టుకునేదాన్ని. మంగళవారం ఆ చోటు రాగానే, "జర చాయ్ పెట్టుకొస్తవా?" అని వంటింట్లోకి పంపి, ఆ ముక్క నేను గబగబా ఆడేసేదాన్ని. కొన్నాళ్లకు ఆయన చాయ్ కప్పులతో త్వరగా వచ్చేశాడు. తెర మీద ఒకడు ఇంకొకడిని గొలుసుతో బాదుతున్నాడు. నేను చటుక్కున టీవీ ఆపాను.

ఆయన చేతిలోని కప్పు గోడకేసి కొట్టాడు. పెళ్లయ్యాక ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి.

"నాకు కథలో చిల్లులు పెడుతున్నావా? నన్ను కొట్టింది నువ్వు చూశావు కదా! ఇంకా నా దగ్గర ఏం దాస్తావు? వాళ్లు చెవి తీసుకుపోయారు. నువ్వు కళ్లు కూడా మూస్తావా?"

గోడ మీంచి చాయ్ కారుతోంది. నాకు మా బాపు గుర్తొచ్చి వెనక్కి జరిగాను. నేను జరగడం చూసి ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. పెంకులు ఇద్దరం కలిసి ఏరాం.

ఆ వారం ఆట ఆయనే ఎంచాడు. సముద్రం ఒడ్డున బెస్తల ఊరు, ఆ ఊరికి వచ్చిన కొత్త మనిషి శవమై తేలతాడు. ఆడుతూ పోతే తెలుస్తుంది, చంపింది ఒకరు కాదు, ఊరు మొత్తం. చివర్లో ఆ మనిషి కళ్లతోనే ఆ గంటను ఆడాలి. చుట్టూ దీపాలు, తెడ్లు పట్టుకుని జనం దగ్గరికొస్తారు.

"ఇస్తవా ఇటు?" అని కంట్రోలర్ కోసం చెయ్యి చాపాను.

"నేనే ఆడతాను."

ఆడాడు. తెడ్డు దెబ్బ పడ్డప్పుడల్లా కంట్రోలర్ ఆయన చేతుల్లో అదిరేది. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కళ్లు మూసుకోలేదు. ఆ మనిషి నీళ్లలోకి పడిపోయాక, హంతకుడు ఎవరో ఒక్కరి పేరు ఎంచమని ఆట అడిగింది. ఆయన ముఖాలన్నిటి మీదుగా ఒకసారి పోయి ఆగాడు.

"ఎవర్నో ఒకర్ని పెట్టు," అన్నాను.

"ఒకణ్ణి పెడితే మిగతావాళ్లు ఇంటికెళ్లి అన్నం తింటారు," అన్నాడు. ఆట ఆపేశాడు. దాన్ని మళ్లీ తెరవలేదు.

కోర్టులో నా వంతు వచ్చిన రోజు వాళ్ల వకీలు అదే పనిగా నా హెల్మెట్ గురించే అడిగాడు. "మీరు కూడా కొట్టారు కదమ్మా?"

"కొట్టిన. ముక్కు మీద కొట్టిన. మళ్ల గట్లనే అయితే మళ్ల కొడత," అన్నాను. జడ్జిగారు అడిగినదానికే జవాబు చెప్పమన్నారు. ఎవరెవరు కొట్టారో చూపించమంటే బోనులో ఉన్న ఒక్కొక్కడి వైపూ వేలు పెట్టి చూపించాను.

దుప్పట్లాయన కూడా వచ్చాడు. దవడ ఒక పక్కకు అతుక్కుని, మాట సగం ముక్కులోంచి వస్తోంది. ఇప్పుడు తిరగడం మానేసి, అల్లుడి దుకాణంలో కూర్చుంటున్నాడట. వరండాలో మావారి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సెలవు రోజుల్లో ఏం చేస్తారని అడిగితే ఆయన మా ఆటల గురించి చెప్పాడు. దుప్పట్లాయన నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఇంత అయినంక గూడ ఖూన్‌ల ఆటలేనా బాబూ?"

"అలవాటైపోయిందండీ," అన్నాడు మావారు సిగ్గుపడుతూ.

కేసు ఇంకా నడుస్తోంది. ఆ రోజు బయటికి వస్తుంటే పాల దుకాణం వాడు మా ఎడమ పక్క నుంచే మెట్లు దిగాడు. ముక్కు వంకరగా అతుక్కుంది. నన్ను చూసి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ కాబోలు, "బాగున్నవా అక్కా?" అన్నాడు. అన్నాక వాడికే తెలిసి తల దించుకున్నాడు. నాకు జవాబు నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ ముక్కు మీద ఇంకోసారి కొట్టాలనిపించింది, ఏడవాలనీ అనిపించింది.

బండి మీద ఆయన తల వెనక్కి తిప్పి, "ఏమన్నాడు?" అని అడిగాడు. విననే లేదు.

"బాగున్నవా అన్నడు."

ఆయన బుద్వేల్‌లో ఇంటి ముందు బండి ఆపి, హెల్మెట్ తీసి, "ఈసారి ఆట నువ్వు ఎంచు. నన్ను వంటింట్లోకి పంపకు," అన్నాడు.

నేను ఎంచాను. పాత దవాఖాన, ఒక్కొక్కరే చనిపోతున్న నర్సులు. మొదటి గదిలోనే గోడంతా రక్తం. ఆయన భుజాలు బిగుసుకున్నాయి. నేను కుడి పక్కకు జరిగి, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. ఆయన కంట్రోలర్ తీసుకుని తలుపు తెరిచాడు.